ఎడమ నుంచి కుడికి లేని పేరు: విశ్వవిద్యాలయాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, పాలకమండలి సభ్యులకు, ఉన్నత విద్యాశాఖ అధికారులకు, పూర్వ విద్యార్థులందరికీ,

నమస్కారాలు.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివాను. అక్కడి హాస్టల్ మెస్‌లో మా నాయన ముప్పై ఏడేళ్ళు వంట చేశాడు. ఆ క్యాంపస్‌లో కట్టిన మొదటి హాస్టల్‌కు రాళ్ళు కొట్టినవాళ్ళలో మా తాత ఒకడు. మా అమ్మ లేడీస్ హాస్టల్లో పాతికేళ్ళుగా ఊడ్చి తుడుస్తోంది. తమ్ముడు, మనుషులను పనికి సరఫరా చేసే ఒక ఏజెన్సీ కింద, అక్కడే కరెంటు పని చేస్తున్నాడు. మూడు తరాలుగా మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ క్యాంపస్ కూలితోనే.

మా నాయనను 2024లో, యాభై ఎనిమిదేళ్ళు నిండాయని, ఒక సాయంత్రం నోటిమాటతో పనిలోనుంచి ఆపేశారు. చేతికి ఒక్క కాగితం ఇవ్వలేదు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. ఆయన ముప్పై ఏడేళ్ళు పనిచేసినట్టు ఒక ధ్రువపత్రం ఇమ్మని మూడు అర్జీలు పెట్టాం. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదాన్ని హాస్టల్ ఆఫీసుకు పంపామన్నారు. మూడోదానికి, మీ విషయం ఏజెన్సీని అడగండి అన్నారు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే, చట్టం చెప్పిన 30 రోజులు దాటాక, సంబంధిత రికార్డు లభ్యం కాలేదని ఒక వాక్యం వచ్చింది. అప్పీలుకు వెళ్ళాం. మళ్ళీ అదే వాక్యం. ఇంక తలుపు తట్టడానికి వేరే గది కనబడక, ఈ మాటలు అందరి ముందూ పెడుతున్నాను.

విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. ఒక ఆఫీసును, అందులో ఇవాళ కూర్చున్న ఒక అధికారిని వేలెత్తి చూపితే మా ఇంటి సంగతి ఒక్కటే తేలుతుందేమో. మీలో ఎవరి క్యాంపస్‌లోనైనా తెల్లవారుజామున నాలుగింటికి మెస్ వెనక తలుపు దగ్గర నిలబడి చూడండి. మాలాంటి ఇంటివాళ్ళు అక్కడ కనబడతారు.

ముందు మా తాత గురించి చెప్తాను. వాన తప్ప వేరే నీళ్ళు ఎరగని మెట్టభూమి అది. ఊరికి దూరంగా, గుట్టల పక్కన, పీజీ సెంటరుకని స్థలం ఇచ్చినప్పుడు అక్కడ తుమ్మచెట్లూ పరికి కంపా తప్ప ఏమీ లేవట. రాతికి వరసగా గుంతలు తొలిచి, ఇనుప చీలలు దిగ్గొట్టి, సమ్మెటతో చీల్చేవాళ్ళు. తాత కుడిచేతి చూపుడువేలు ఆ పనిలోనే నలిగి వంకరైంది. కట్టడం పూర్తయ్యాక మిగతా కూలీలు ఇంకో పనికి వెళ్ళిపోయారు. తాతను కాపలాకు ఉండమన్నారు. పగలు మొక్కలకు నీళ్ళు, రాత్రి లాంతరు పట్టుకుని గస్తీ. బావి నుంచి కావడి కట్టి నీళ్ళు మోసి పెంచిన కానుగచెట్లు, వేపచెట్లు ఇప్పుడు అక్కడి రోడ్డుకు రెండుపక్కలా నీడ పరిచి ఉన్నాయి. కొత్తగా చేరిన పిల్లలు మొట్టమొదట ఫొటో దిగేది ఆ చెట్ల కిందే. నేనూ అక్కడే దిగాను.

తాత 1996లో పోయాడు. చివరిదాకా ఆయన ఎన్.ఎం.ఆర్. మస్టర్ రోల్‌లో రోజుకూలీ. అది రోజుకూలీల హాజరు పుస్తకం. నెలకు ఎన్ని రోజులు పనికొస్తే అన్ని వేలిముద్రలు.

మా నాయన 1987లో, ఇరవయ్యొకటో ఏట, మెస్‌లో చేరాడు. మొదట కూరగాయలు తరగడం, గుండిగలు తోమడం. తర్వాత పెద్ద పొయ్యి దగ్గరికి వచ్చాడు. అప్పట్లో కట్టెల పొయ్యిలు. మూడు వందల మందికి అన్నం వండి, ఆ గుండిగను ఇద్దరు మనుషులు గోనెపట్టలతో పట్టుకుని వార్చాలి. గంజి మీద పడి కాలిన మచ్చ ఆయన ఎడమపాదం మీద ఇప్పటికీ ఉంది. ఆ మచ్చ కూడా మాకు ఒక తారీఖు లాంటిదే. అది 1988 సంక్రాంతి సెలవులకు ముందు రోజు అని ఇంట్లో అందరికీ తెలుసు.

ఈ తారీఖుల గొడవ ఎందుకంటే, మా ఇంటి జాతకం మొత్తం ఒక తారీఖు దగ్గర తిరిగింది. 1994 ఏప్రిల్ 22న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 212 నంబరు జీవో ఇచ్చింది. రోజుకూలీ మీద, ఎన్.ఎం.ఆర్. మీద పనిచేస్తున్నవాళ్ళు 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు వరసగా పనిచేసి ఉంటే, మిగతా షరతులూ సరిపోతే, రెగ్యులరైజ్ చేయొచ్చని దాని సారాంశం. అంటే 1988 నవంబరు 25కు ముందు చేరి ఉండాలి. నాయన 1987 జూన్‌లో చేరాడు. జీవో సంగతి తెలిసిన రోజు రాత్రి మా అవ్వ బెల్లం అన్నం వండిందట.

ఆఫీసులో వెతికితే 1989 జనవరి నుంచి మస్టర్ రోల్ దొరికింది. అంతకుముందు రెండేళ్ళ రిజిస్టర్లు దొరకలేదు. చెదలు పట్టాయన్నారు, గది మారినప్పుడు పోయాయన్నారు. నాయన చేరినప్పుడు వార్డెన్‌గా ఉన్న ప్రొఫెసర్ గారు రిటైరై వేరే ఊళ్ళో ఉండేవారు. నాయన రాత్రి బస్సెక్కి వెళ్తే ఆ పెద్దమనిషి భోజనం పెట్టి, ఇతను 1987 నుంచి నా హయాంలో పనిచేశాడు అని సొంత చేతిరాతతో రాసి ఇచ్చారు. ఆ ఉత్తరం రికార్డు కిందికి రాదన్నారు. కాగితం ప్రకారం నాయన సర్వీసు నాలుగేళ్ళ పది నెలలు అయింది. రెండు నెలలు తక్కువ. పక్క పొయ్యి దగ్గర, ఆయనతో పాటే చేరి, వేరే హాస్టల్‌లో రిజిస్టరు మిగిలిన ఆయన పర్మినెంటు అయ్యాడు. ఆయన మీద మాకు ఏ కోపమూ లేదు. నాయన పెళ్ళి చేసింది వాళ్ళే. వాళ్ళ పిల్లల పుస్తకాలతోనే నేను పదో తరగతి దాకా చదువుకున్నాను.

ఆ తర్వాత 2006లో మెస్ పనివాళ్ళందరినీ ఏజెన్సీ కిందికి మార్చారు. పని అదే, పొయ్యి అదే, మీద అజమాయిషీ చేసే వార్డెనూ అతనే. జీతం ఇచ్చే చెయ్యి ఒక్కటే మారింది. 2010లో ఇంకో ఏజెన్సీ, 2015లో ఇంకోటి, 2019లో ఇంకోటి.

2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది కాబట్టి నాలాంటివాళ్ళకు పీజీ చదువు చేతికందింది. అది దేవుడిచ్చిన వరంలాగా మా ఇంటికి వచ్చింది, ఆ మాట చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. అదే విశ్వవిద్యాలయంలో నాకు ఎం.ఏ. సీటు వచ్చిన రోజు నాయన మెస్‌లో అందరికీ తన డబ్బుతో కేసరి చేసి పెట్టాడు. నేను మొదటిరోజు కంచం పట్టుకుని వరసలో నిలబడ్డాను. గరిటె నాయన చేతిలో ఉంది. నన్ను చూసి, నా ముందు అమ్మాయికి ఎంత వేశాడో సరిగ్గా అంతే వేసి, "ఇంకొంచెం కావాలామ్మా?" అన్నాడు, అందరినీ అడిగినట్టే. ఆ రెండేళ్ళలో ఒక్కరోజు కూడా నాకు ఒక ముక్క ఎక్కువ వేయలేదు. ఎవరైనా చూసి ఏమైనా అంటే పని పోతుందని భయం ఒకటి. పిల్లలందరికీ పెట్టాల్సిన దాంట్లోంచి తన బిడ్డకు ఎక్కువ పెట్టడం తప్పు అన్న నియమం ఇంకోటి. రెండోదే పెద్దదని నాకు తెలుసు.

మొదట్లో పిల్లలు ఆయన్ను అన్నా అని పిలిచేవాళ్ళు. తర్వాత మామా అన్నారు. చివర్లో పెద్దాయనా అన్నారు. వచ్చే పిల్లల వయసు ఎప్పుడూ ఇరవై రెండే. ఆయన ఒక్కడే ముసలివాడవుతూ వచ్చాడు.

పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో తాత, తండ్రి, మనవడు ముగ్గురూ ఒకే విశ్వవిద్యాలయంలో చదివిన కుటుంబాలను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పడం నేను చూశాను. ఆ కుటుంబాల ప్రేమ నిజమైనది. వాళ్ళతో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆ రోజు భోజనాలు వండింది మా నాయన. ఆయన్నూ పిలవాల్సిందని నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే గుండె పిండినట్టు ఉంటుంది.

మన విశ్వవిద్యాలయాల చరిత్రలన్నిటిలోనూ ఈ ఖాళీ ఉంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939 డిసెంబరు 4న నిజాం ప్రారంభించాడు. నక్షా గీసినవాళ్ళలో బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ పేరు, మన జైన్ యార్ జంగ్ పేరు చదువుకుంటాం. అంత గ్రానైటును కొట్టి, చెక్కి, నునుపు తేల్చిన చేతుల పేర్లు నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో గుంటూరుకు వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చింది. ఆ విశ్వవిద్యాలయానికి కట్టమంచి రామలింగారెడ్డి గారు ఏం చేశారో, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఏం చేశారో మనకు తెలుసు, తెలియాలి కూడా. పుస్తకాల పెట్టెలు, ప్రయోగశాలల గాజుసామాను బళ్ళకెత్తి, ఒక్కటీ పగలకుండా దించినవాళ్ళు ఎవరో ఉంటారు కదా. వందేళ్ళ పండుగలు, డెబ్బై అయిదేళ్ళ పండుగలు వరసగా వస్తున్న కాలం ఇది. పాత విషయం ఎలాగూ తవ్వి తీస్తారు కాబట్టి, ఈ పేర్లు కూడా తియ్యమని అడగడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు.

పేరు రికార్డులో లేకపోతే ఏమవుతుందో, మాలాంటివాళ్ళకు దానివల్ల ఏం పోతుందో, ఒక్కొక్కటే చెప్తాను.

1. పింఛను పోతుంది. పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛను పథకంలో యాభై ఎనిమిదేళ్ళకు నెలనెలా డబ్బు రావాలంటే కనీసం పదేళ్ళ సర్వీసు ఉండాలి. నాయనకు 2006 నుంచి 2024 దాకా పద్దెనిమిదేళ్ళు పీఎఫ్ కోశారు. కానీ అవి నాలుగు ఏజెన్సీల కింద ముక్కలుగా ఉన్నాయి: నాలుగేళ్ళు, అయిదేళ్ళు, నాలుగేళ్ళు, అయిదేళ్ళు. యూఏఎన్ అనే ఒకే నంబరు వచ్చింది 2014లో. అంతకుముందు ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు. ఒక దాంట్లో నాయన ఇంటిపేరు ముందుంది, ఇంకో దాంట్లో వెనకుంది. ఒకచోట పుట్టిన తేదీ జనవరి 1. వీటిని కలపాలంటే యజమాని సంతకంతో జాయింట్ డిక్లరేషన్, అంటే యజమానీ పనివాడూ కలిసి రాసిచ్చే పత్రం, కావాలి. మొదటి ఏజెన్సీ ఉన్న చిరునామాలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ముక్కలన్నీ కలిస్తే వచ్చేది ఎంతో లెక్క వేశాను. పింఛను లెక్కకు జీతం 12,000 అనుకుంటే, దాన్ని పద్దెనిమిదితో హెచ్చించి డెబ్బైతో భాగిస్తే నెలకు మూడు వేల పైచిలుకు. మందులకు, బియ్యానికి చాలే డబ్బు. కలవకపోతే సున్నా.

పీఎఫ్ పథకంలో ఒక నియమం ఉంది. కాంట్రాక్టరు ద్వారా పనివాళ్ళను పెట్టుకున్నా, వాళ్ళ చందా కట్టే బాధ్యత అసలు యజమానిదే, అంటే పని చేయించుకున్న సంస్థదే. ఏజెన్సీని అడగండి అన్న జవాబు అక్కడ చెల్లదు. ఈ సంగతి మీ ఫైనాన్స్ ఆఫీసరు గారికి నాకన్నా బాగా తెలుసు.

2. గ్రాట్యుటీ పోతుంది. అయిదేళ్ళు వరసగా ఒక యజమాని దగ్గర పనిచేస్తే, ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన ఇవ్వాలని, నాయనను ఆపేసిన నాటికి అమల్లో ఉన్న 1972 నాటి చట్టం చెప్పింది. ఏజెన్సీ టెండరు నాలుగైదేళ్ళకు మారుతూ పోతే, మనిషి ముప్పై ఏళ్ళు అదే పొయ్యి ముందు నిలబడినా ఆ ముప్పై ఏళ్ళ లెక్క ఎవరి పుస్తకంలోనూ పూర్తి కాదు. 12,000 జీతం మీద పద్దెనిమిదేళ్ళకు లక్షా ఇరవై నాలుగు వేలు దాటుతుంది. 1987 నుంచి లెక్కగడితే రెండున్నర లక్షలు దాటుతుంది. నా పెళ్ళికి చేసిన అప్పు రెండు లక్షలు. అది ఇంకా తీరలేదు.

3. జబ్బు చేస్తే దిక్కుండదు. లేడీస్ హాస్టల్ ఎండాకాలం మూసేస్తారు. మూసినన్నాళ్ళూ అమ్మకు జీతం లేదు. జీతం లేని రోజులకు ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, చందా ఉండదు. ఆరునెలల చందాకాలంలో 78 రోజులు చందా పడితేనే జబ్బు సెలవు డబ్బులు వస్తాయి. అప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా, జీతంలో 70 శాతం ఇస్తారు. అమ్మకు గర్భసంచి ఆపరేషన్ జరిగిన సంవత్సరం, ఎండాకాలం సెలవులతో పాటు ఏజెన్సీ మార్పులో ఇంకో నెల గల్లంతైంది. లెక్కకు రోజులు చాలలేదు. కుట్లు పచ్చిగా ఉండగానే, డాక్టరు మూడు నెలలు బరువెత్తొద్దన్నా, అయిదో వారానికి బకెట్ పట్టుకుని మెట్లెక్కింది. అమ్మను మెట్లమీద చూసి ఇద్దరు పీహెచ్‌డీ అమ్మాయిలు ఆ బకెట్ లాక్కుని నెలరోజులు తామే మోశారు. వాళ్ళెవరో మాకు తెలుసు, వాళ్ళకు మా ఇంటి పండుగల్లో ఎప్పుడూ ఒక ఆకు వేసి ఉంటుంది.

4. మనిషి పరాయివాడవుతాడు. పని మానేసిన మర్నెల, నాయన పాత అలవాటు కొద్దీ సాయంత్రం క్యాంపస్‌లోకి వెళ్తే గేటు దగ్గర గుర్తింపుకార్డు అడిగారు. ఆ గేటు కుర్రవాడిదీ ఏజెన్సీ ఉద్యోగమే, అతని తప్పేమీ లేదు. నాయన దగ్గర ఏ కార్డూ లేదు. తన తండ్రి నాటిన చెట్లు కనబడుతున్నాయి, లోపలికి పోవడానికి లేదు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా పడుకున్నాడు. రెండు రోజుల తర్వాత అమ్మతో అన్నాడు, "మనం ఆడ ఎప్పుడూ లేమేమోనే" అని.

5. పిల్లల చదువు మీద పడుతుంది. ఇది పై నాలుగింటికన్నా నెమ్మదిగా కనబడే నష్టం. తమ్ముడు ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. అమ్మకు ఎండాకాలం జీతం ఆగిన నెలల్లోనే ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ వచ్చింది. ఫీజు ప్రభుత్వం ఇస్తుంది, నిజమే. హాస్టల్ ఖర్చు, బస్సు ఖర్చు, మొదట్లో కట్టాల్సిన చిల్లర మొత్తాలు ఎవరిస్తారు? వాడు ఐటీఐ చేశాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ పిల్లల ల్యాబుల్లో స్విచ్చులు బాగుచేస్తున్నాడు, ఏజెన్సీ కింద, మా ఇంటి మూడో తరం కూలీగా. వాడి కొడుకుకు ఇప్పుడు అయిదేళ్ళు.

ఇవన్నీ చెప్పినప్పుడు అధికారులు రెండు మాటలు అంటారు. ఒకటి, సుప్రీంకోర్టు ఉమాదేవి కేసులో 2006లో ఇచ్చిన తీర్పు ప్రకారం తాత్కాలిక ఉద్యోగులను పర్మినెంటు చేయడం కుదరదని. రెండు, డబ్బు లేదని.

మొదటి మాటకు జవాబు ఆ తీర్పులోనే కొంత ఉంది. మంజూరైన పోస్టుల్లో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా, పదేళ్ళకు పైగా పనిచేసినవాళ్ళ విషయం ఒకసారికి పరిశీలించమని అదే తీర్పు చెప్పింది. 2016 అక్టోబరు 26న జగ్జీత్ సింగ్ కేసులో, అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో వచ్చిన తీర్పు మాలాంటివాళ్ళు అందరూ చదవాల్సింది. కేంద్ర జల సంఘం కార్యాలయాల్లో ఏళ్ళ తరబడి ఊడ్చి, తుడిచి, తోటపని చేసినవాళ్ళు వేసిన కేసు అది. వాళ్ళను రెగ్యులరైజ్ చేయమని కోర్టు ఆదేశించింది. నిత్యం అవసరమైన పనిని ఏళ్ళకేళ్ళు తాత్కాలికం అని పిలుస్తూ, ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని న్యాయమైన కోరికను తోసేయడం తగదని చెప్పింది. తీర్పు వెలువడిన నాటికి నాయన ఇంట్లో ఉన్నాడు. తమ్ముడు ఫోన్‌లో చదివి వినిపిస్తే, "ఊడ్చే ఆడవాళ్ళు దిల్లీ దాకా పోయినారా" అని అడిగాడు, కళ్ళు తుడుచుకుంటూ.

రెండో మాట, డబ్బు. విశ్వవిద్యాలయాల దగ్గర డబ్బు తక్కువగా ఉందని నేను ఒప్పుకుంటాను. ఖాళీ పోస్టులు నిండక అధ్యాపకులు ఎంత ఇబ్బంది పడుతున్నారో చూస్తున్నాను. కానీ నేను మొట్టమొదట అడుగుతున్నదానికి డబ్బు దాదాపు అక్కర్లేదు. కాగితం, సిరా, ఒక గుమాస్తా, కొంచెం ఓపిక కావాలి.

మొదటి కోరిక: పేర్ల రిజిస్టరు. ప్రతి విశ్వవిద్యాలయం తాను పుట్టిన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఎన్.ఎం.ఆర్., రోజుకూలీ, టైమ్‌స్కేల్, ఏజెన్సీ పేర్లతో పనిచేసిన ప్రతి మనిషి పేరు, విభాగం, చేరిన తేదీ, ఆపిన తేదీ ఒకచోట చేర్చి, ఆరునెలల్లో నోటీసు బోర్డు మీదా వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. మస్టర్ రోల్స్ పోయిన చోట మనిషిని తిప్పి పంపకండి. మెస్ లెక్కల పుస్తకాలు, స్టోరు ఇండెంట్లు, ఆసుపత్రి చీటీలు, హాస్టల్ గ్రూపు ఫొటోలు, అప్పటి వార్డెన్ల ఉత్తరాలు, పాత విద్యార్థుల వాంగ్మూలాలు సాక్ష్యంగా తీసుకోండి. రిజిస్టరు భద్రపరచాల్సింది ఆఫీసు. అది పోతే శిక్ష వంటవాడికి పడకూడదు.

రెండో కోరిక: పీఎఫ్ ముక్కలు కలపడానికి ప్రతి క్యాంపస్‌లో ఒక అధికారిని పేరు పెట్టి నియమించండి. అసలు యజమాని హోదాలో విశ్వవిద్యాలయమే పీఎఫ్ ఆఫీసుకు రాయాలి. యాభై ఎనిమిది దాటినవాళ్ళవి ముందు చూడాలి. ఈ పని మూడు నెలలకన్నా ఎక్కువ పట్టదు. ఇవాళ నాయన ఒక్కడే చెప్పులరిగేలా తిరిగితే మాత్రం జన్మలో కాదు.

ఇక మీదట ఏ టెండరు పిలిచినా, పాత పనివాళ్ళు కొనసాగుతారని, వాళ్ళ సర్వీసు తెగదని, గ్రాట్యుటీ బాధ్యత ఫలానావాళ్ళదని అందులో రాయండి. సెలవుల్లో హాస్టల్ మూసినప్పుడు సున్నాలు, మరమ్మతులు, ట్యాంకులు కడగడం, చెట్ల సంరక్షణ వంటి పనులు ఎలాగూ ఉంటాయి. అవి వాళ్ళకే ఇచ్చి పన్నెండు నెలలూ జీతం, చందా పడేట్టు చూడండి. పదేళ్ళు దాటినవాళ్ళ జాబితాను జగ్గో తీర్పు వెలుగులో పరిశీలించడానికి ఒక కమిటీ వేసి, దానికి గడువు పెట్టండి. ఆ కమిటీలో పనివాళ్ళ ప్రతినిధి ఒకరు, అందులోనూ ఒక ఆడమనిషి ఉండాలి. రిటైరైనవాళ్ళకు ఒక గుర్తింపుకార్డు ఇవ్వండి, గేటు దాటి వెళ్ళి తమ చెట్ల కింద కూర్చోవడానికి.

అధ్యాపకులకు ఒక మాట. మీరు సమాజశాస్త్రంలో, చరిత్రలో, అర్థశాస్త్రంలో శ్రమ గురించి పాఠాలు చెప్తారు. నాకూ చెప్పారు, బాగా చెప్పారు. మీ దగ్గర చదివే పిల్లలకు ప్రాజెక్టు పనికి విషయాలు కావాలి. మెస్ వెనక, స్టోరు గదిలో, మాలీ పాకలో కూర్చున్నవాళ్ళ మాటలు రికార్డు చేయించండి. వాళ్ళలో డెబ్బై దాటినవాళ్ళు ఎక్కువ కాలం ఉండరు.

పూర్వ విద్యార్థులకు, మీరు అమెరికాలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, సొంత ఊళ్ళో బడిపంతులుగా ఉన్నా, ఒక విన్నపం. మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున, అటక మీద, హాస్టల్ డే నాడు తీయించుకున్న గ్రూపు ఫొటో ఉంటుంది. దించండి. వెనక వరస చివర, కాస్త ఎడంగా, లుంగీలోనో బనియన్‌లోనో నిలబడినవాళ్ళను చూడండి. మీకు పేరు గుర్తుంటే, ఫొటో నకలు, మీరు చదివిన సంవత్సరం, రెండు వాక్యాలు రాసి మీ విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు పంపండి. మీ సంతకంతో వచ్చే ఆ రెండు వాక్యాలు ఒక ముసలాయన సర్వీసు పుస్తకంలో రెండేళ్ళు అవుతాయి. మీరు ఇచ్చే విరాళాలకన్నా ఇది అత్యవసరం అని నా మనవి.

ఈ లేఖ ప్రతులను మా విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు, ఉన్నత విద్యాశాఖకు, పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అరవై రోజుల్లో జవాబు రాకపోతే, ఇవే కాగితాలతో, ఇలాంటి మిగతా కుటుంబాలతో కలిసి హైకోర్టుకు వెళ్తాం. వెళ్ళాల్సిన అవసరం రాకూడదనే ఇంత వివరంగా రాశాను.

రిజిస్ట్రారు గారికి పంపిన ప్రతితో ఒక ఫొటో జతచేశాను. 1988 మార్చిలో, ఆఖరి సంవత్సరం విద్యార్థుల వీడ్కోలు నాడు, హాస్టల్ మెట్లమీద తీసింది. ఆ ఏడాది చదివిన ఒకాయన, ఇప్పుడు రిటైరైన తహసీల్దారు, తన ఆల్బమ్‌లోంచి తీసి ఇచ్చారు. కింద అట్టమీద కూర్చున్నవారు, నిలుచున్నవారు, ఎడమ నుంచి కుడికి అని నలభై మూడు పేర్లు అచ్చువేసి ఉన్నాయి. ఫొటోలో నలభై నాలుగు మంది ఉన్నారు. ఆఖరి వరసలో కుడి చివర, భుజం మీద తువ్వాలుతో, ఎడమపాదానికి కట్టుతో నిలబడినాయన మా నాయన. ఆ కట్టు గంజి పడి కాలినదానిది. మస్టర్ రోల్ 1989 జనవరి నుంచి మొదలవుతుంది.

ఇట్లు,
మెస్ వంటమనిషి కూతురు,
మీ పూర్వ విద్యార్థిని